సైనిక్‌పురిలో పిసంకా వర్క్‌షాప్: నేర్పేవారు పోలండ్‌లో, గుడ్లూ మైనమూ ఇక్కడ. ఏర్పాట్లు ఎలా?

సైనిక్‌పురి_చేతిపని:

అందరికీ నమస్కారం. ఈస్టర్‌కి ముందు ఒక ఆదివారం సాయంత్రం 20 మందితో పిసంకా వర్క్‌షాప్ పెడుతున్నాం. తెలియనివాళ్ల కోసం: పిసంకా అంటే తెల్ల గుడ్డు మీద తేనెమైనంతో గీతలు గీసి, లేత రంగు నుంచి ముదురు రంగు దాకా ఒక్కొక్కదాంట్లో ముంచి, చివర మైనం కరిగించి తుడిచే ఉక్రెయిన్ కళ. నేర్పే ఆవిడది కార్పతియన్ కొండల దగ్గర కొలొమియా వైపు. యుద్ధం మొదలయ్యాక పిల్లలతో పోలండ్ వచ్చేశారు. వారమంతా వేరే ఉద్యోగం, శని ఆదివారాలు ఈ క్లాసులు. జూమ్‌లో నేర్పుతారు.

ఆవిడ పంపిన సామాను లిస్టులో కిస్ట్కాలు (మైనంతో గీసే పనిముట్లు), స్వచ్ఛమైన తేనెమైనం, పిసంకా రంగులు, ఆయిల్ వార్నిష్ ఉన్నాయి. ఇక్కడ కిస్ట్కా అనేది ఏ షాపులోనూ లేదు. బట్టల మీద మైనంతో గీసే బాతిక్ పెన్ను పనికొస్తుందా? రంగులకి బదులు ఏం వాడాలి? పచ్చి గుడ్డు మీదే చెయ్యాలంటున్నారు, మన ఎండలకి అది ఎన్నాళ్లుంటుంది? ఇంకొకటి, ఫీజు ఎలా పంపాలి, పోస్టర్ మీద ఏం రాయాలి? ఆవిడ కళకి గానీ మనిషికి గానీ చిన్నతనం కలగకూడదని మా కోరిక.

మైనపు_గీత:

ముందు పనిముట్టు సంగతి. బాతిక్ పెన్ను వద్దండి. దాని గిన్నె పెద్దది, గుడ్డ మీద ధారగా పారడానికి చేసింది. గుండ్రటి పెంకు మీద పెట్టగానే బొట్టు జారిపోతుంది, గీత రాదు. కిస్ట్కా అంటే పుల్ల చివర అడ్డంగా కట్టిన చిన్న ఇత్తడి గరాటు, అంతే. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఇత్తడి షిమ్ రేకు అడగండి, 0.1 మి.మీ. మందం చాలు. కత్తెరతో తెగుతుంది. చిన్న త్రికోణం కోసి, కుట్టుసూది మొన చుట్టూ గరాటులా చుట్టి, సూది లాగేయండి. మొన దగ్గర సూది దూరేంత బెజ్జం మిగులుతుంది. సన్నటి రాగితీగతో పుల్లకి బిగించి కట్టండి. దారంతో కడితే మంటకి కాలిపోతుంది. బెజ్జం అంచు కొట్టొచ్చినట్టు గరుకుగా ఉంటే పెంకుని గీకుతుంది, నీటికాగితం (సన్న గరుకుకాగితం) మీద నాలుగుసార్లు రుద్దండి. 20 మందికి 25 చేసుకోండి, కొన్ని ఎలాగూ కారుతుంటాయి.

అంత ఓపిక లేకపోతే గుండుసూది పద్ధతి ఉంది. ఇది రాజీ కాదు, కార్పతియన్ కొండల్లోని లెమ్కో ప్రాంతం వాళ్లు తరతరాలుగా ఇలాగే చేస్తారు. రబ్బరున్న పెన్సిల్ చివర గుండుసూది మొన గుచ్చండి, తల బయటికి ఉండాలి. స్టీలు గరిటెలో మైనం కరిగించి, ఆ తలని ముంచి, గుడ్డుకి తాకించి, ఇవతలికి లాగితే కన్నీటిబొట్టు ఆకారం వస్తుంది. ఒక్కో బొట్టుకీ మళ్లీ ముంచాలి. ఈ బొట్లతోనే పువ్వులూ సూర్యుళ్లూ కట్టుకుంటూ పోతారు. పదేళ్లలోపు పిల్లలుంటే ఇదే మేలు. మీకు ఏది కుదురుతుందో ఆవిడకి ముందే చెప్పండి, ఎందుకంటే రెండింటికీ నేర్పే డిజైను వేరు.

మైనం: మనిషికి 10 గ్రాములు ఎక్కువే, 250 గ్రాములు కొంటే మిగులుతుంది. పారఫిన్ (మామూలు కొవ్వొత్తుల మైనం) కలిపింది కొనొద్దు. పారఫిన్ పెంకుకి గట్టిగా అతుక్కోదు, పెళుసుగా లేచిపోతుంది, ఆ సందులోంచి రంగు కిందికి పాకుతుంది. అసలుదానికి తేనె వాసన ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే మెత్తబడి అంటుకుంటుంది. పారఫిన్ జారుతుంది.

గుడ్లు: మన దగ్గర లేయర్ కోళ్ల గుడ్లు తెల్లవే కాబట్టి ఆ బాధ లేదు. నాటుకోడి గుడ్డు గోధుమరంగు, తెల్ల గీత కనబడదు. 20 మందికి రెండు ట్రేలు, అంటే 60. నీళ్లలో వేస్తే తేలేవి పక్కన పెట్టండి, పాతవి. ఫోన్ టార్చ్ మీద పెట్టి చూస్తే వెంట్రుకంత పగులు కూడా వెలుగులో తెలుస్తుంది. సబ్బుతో తోమకండి, రంగు పట్టదు. లీటరు నీళ్లకి రెండు టేబుల్ స్పూన్ల తెల్ల వెనిగర్ కలిపి, ముంచి తీసి, మెత్తటి గుడ్డతో అద్దండి. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే మూడు గంటలు బయట ఉంచాలి. చల్లటి పెంకు మీద చెమ్మ పడుతుంది, చెమ్మ మీద మైనం నిలవదు. చేతులకి నూనె, క్రీము ఉండకూడదు, వేలిముద్ర ఉన్నచోట రంగు ఎక్కక మచ్చ మిగులుతుంది.

ఇక గీయడం. గరాటుని మంట అంచులో కొన్ని క్షణాలు కాచి, మైనం ముద్దలో గుచ్చి కాస్త తోడుకుని, మళ్లీ కాచి, ముందు న్యూస్ పేపర్ మీద ఒక గీత లాగండి. పెద్ద బొట్టు పడేది ఎప్పుడూ మొదటి గీతకే, అది పేపర్ మీద పడిపోనివ్వాలి. తర్వాత గుడ్డు మీద. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: చెయ్యి తిప్పుతారు. చెయ్యి కదలకూడదు, గుడ్డు తిరగాలి. ఎడమచేతి వేళ్లతో గుడ్డుని మీవైపు నెమ్మదిగా దొర్లిస్తూ ఉంటే గీత దానంతటదే చుట్టూ వచ్చి మొదటి చోట కలుస్తుంది. కొవ్వొత్తి మసి కలిసి మైనం నల్లగా వస్తుంది, కంగారుపడొద్దు. తెల్ల పెంకు మీద గీసిందేదో కనబడేది ఆ మసి వల్లే, చివర మైనంతోపాటే పోతుంది. బొట్టు పడితే గోటితో గీకొద్దు. గీకినా జిడ్డు మిగులుతుంది, అక్కడ రంగు పట్టదు. ఆ బొట్టునే పువ్వో గింజో చేసుకోవాలి.

రంగుల_బిందె:

రంగుల గురించి నేను చెప్తాను. బట్టల రంగులమ్మే షాపులో "నూలుకి వద్దు, పట్టుకి, ఉన్నికి వేసే యాసిడ్ డై కావాలి" అని అడగండి. నూలుకి వాడే రియాక్టివ్ రంగులు వద్దు. చిటికెడు పొడి, ఒక కప్పు మరిగే నీళ్లు, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్. వెడల్పు మూత ఉన్న గాజుసీసాల్లో ఒక్కో రంగూ విడిగా కలిపి పెట్టుకోండి. పూర్తిగా చల్లారాకే గుడ్డు వెయ్యాలి. ఇది మరిచిపోతే వేడికి మైనం కరిగి, రెండు గంటల పని రెండు నిమిషాల్లో పోతుంది. ముందురోజు రాత్రి కలిపితే ఆ భయం ఉండదు. ఈ రంగులు తినేవి కావు, గుడ్డూ తినకూడదు. ఉడికించి ఒకే రంగు వేసి పండుగనాడు తినేదాన్ని క్రాషంకా అంటారు, అది వేరు.

వెనిగర్ ఎక్కువైతే రంగు బాగా పడుతుందనుకుంటారు, కాదు. పెంకు సున్నపురాయి జాతి, పులుపుకి కరుగుతుంది. గుడ్డు వేసిన కాసేపటికి సన్న బుడగలు లేస్తే ఫర్వాలేదు, నురగ కడితే మాత్రం తీసెయ్యండి. పై పొర ఊడిపోతే మైనం గీతలు కూడా దాంతోనే లేచిపోతాయి.

వరస తప్పకూడదు. తెల్లగా ఉండాల్సిన గీతలు ముందు. తర్వాత పసుపురంగులో ముంచి, పసుపుగా ఉండాల్సినవి మైనంతో కప్పాలి. ఆపైన నారింజ, ఎరుపు, ఆఖర్న నలుపో ముదురు ఎరుపో. లేత రంగులకి 10 నుంచి 15 నిమిషాలు, నలుపుకి అరగంట దాకా. ప్రతిసారీ గుడ్డుని అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. ఆకుపచ్చ దగ్గర చిక్కు ఉంది: గుడ్డంతా ఆకుపచ్చలో ముంచితే తర్వాత ఎరుపు మట్టిరంగుగా మారుతుంది. అందుకని సన్న కుంచెతో కావల్సినచోటే అద్ది, మైనంతో కప్పి, నారింజలో ముంచితే మిగిలిన ఆకుపచ్చదనం విరుగుతుంది.

సహజ రంగులే కావాలంటే అన్నిటికన్నా నమ్మకమైనది ఉల్లిపొట్టు. ఉక్రెయిన్ పల్లెల్లోనూ అదే వాడతారు. కూరగాయల బండివాళ్ల దగ్గర గంప అడుగున ఊరికే దొరుకుతుంది. లీటరు నీళ్లకి రెండు పెద్ద గుప్పిళ్లు, సన్న సెగ మీద 40 నిమిషాలు, వడకట్టి చల్లార్చాలి. రంగు ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది, తేనెరంగు నుంచి ఇటుకరంగు దాకా వస్తుంది. వంటింటి పసుపు కూడా పడుతుంది గానీ వెలుతురుకి వారాల్లో వెలిసిపోతుంది. పైగా పెంకు మీద సబ్బు మిగిలి ఉంటే, పసుపులో సున్నం కలిసి పారాణి అయినట్టు ఎర్రబడుతుంది.

మైనం తీసేటప్పుడు గుడ్డుని మంట పక్కన పట్టండి, పైన కాదు. పైన పడితే మసి పెంకులోకి పోతుంది. మైనం మెరిసి తడిగా కనబడగానే టిష్యూతో ఒక్కసారి తుడిచి, టిష్యూ మడత మార్చండి. ఒకే మడతతో తుడిస్తే మసి మళ్లీ గుడ్డుకే అంటుతుంది. కొంచెం కొంచెంగా, గుడ్డు మొత్తం ఒకేసారి వద్దు. వార్నిష్ ఆయిల్ బేస్‌దే కొనండి, నీళ్లతో కలిసే రకం తగిలితే రంగులన్నీ కారిపోతాయి. గ్లవుజు వేసుకుని చేత్తోనే పలచగా పూసి, మూడు మేకులు కొట్టిన చెక్క మీద నిలబెట్టి ఒక రోజు ఆరనివ్వండి.

తిరుమలగిరి_నుంచి:

ఎండ విషయం. పచ్చి గుడ్డు మీద చేసి అలాగే ఉంచడం అక్కడి ఆనవాయితీ, లోపలి సొన ఏళ్ల తరబడి మెల్లగా ఎండిపోతుంది. ఆ చల్లటి వాతావరణానికి అది సరే. మన ఏప్రిల్, మే నెలల్లో మూసిన అద్దాల బీరువాలో పెడితే లోపల గ్యాసు పట్టి ఒకనాడు పేలుతుంది, ఆ వాసన ఇల్లు వదలదు. కాబట్టి ఖాళీ చేసెయ్యాల్సిందే.

ఎప్పుడు ఖాళీ చెయ్యాలన్నదే ప్రశ్న. గీయకముందే చేస్తే గుడ్డు రంగులో మునగదు, తేలుతుంది, బెజ్జంలోంచి రంగు లోపలికి పోయి తర్వాత మైనం కరిగించేటప్పుడు బయటికి చిమ్ముతుంది. అందుకని వార్నిష్ ఆరాక, కింది వైపు చిన్న బెజ్జం పెట్టి, సిరంజితో గాలి లోపలికి నెమ్మదిగా పంపండి. బెజ్జం కిందికి ఉండాలి, గాలి లోపలికి వెళ్లినకొద్దీ సొన కారుతుంది. గట్టిగా ఒత్తితే పెంకు పగులుతుంది. నీళ్లతో కడిగి బోర్లించండి. వార్నిష్ ఉన్న పెంకు బలంగా ఉంటుంది కనుక ఈ వరసే మంచిది. మీ 20 మంది ఆ సాయంత్రం పచ్చి గుడ్డే ఇంటికి పట్టుకెళ్తారు కాబట్టి వార్నిష్ వెయ్యడం, ఖాళీ చెయ్యడం ఎలాగో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి.

హాల్లో సీలింగ్ ఫ్యాన్లు ఆపాలి. మంట ఊగితే మసి అంతా గుడ్డు మీదికే. ఏసీ ఉన్నా దాని గాలి బల్ల మీదికి రాకుండా తిప్పండి. కొవ్వొత్తులు పొట్టిగా, లావుగా ఉండాలి, ఇసుక పోసిన స్టీలు పళ్లెంలో గుచ్చండి. జుట్టు ముడి, చున్నీ కొంగు వెనక్కి. పక్కన తడిగుడ్డ.

చెరియాల_పటం:

చివరి ప్రశ్నకి నా సమాధానం కొంచెం పెద్దదే.

ఫీజు ముందే, అంకెతో సహా, మెయిల్‌లో తేల్చండి. మూడు గంటల క్లాసు అంటే ఆవిడకి మూడు గంటల పని కాదు. డిజైను ఎంచుకోవడం, ఒక్కో దశలో ఆగిన నాలుగైదు గుడ్లు ముందే చేసి పెట్టుకోవడం (క్లాసులో రంగు ఎక్కేదాకా ఎవరూ ఆగలేరు కనుక), మీతో రిహార్సల్, ఇవన్నీ లెక్కే. "మీ సంస్కృతి పది మందికీ తెలుస్తుంది కదా" అనేది కూలీ కాదు. యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 4న ఉక్రెయిన్‌వాళ్లకి తాత్కాలిక రక్షణ అమల్లోకి తెచ్చింది, 2027 మార్చి 4 దాకా పొడిగించింది. దాని కింద పని చేసుకునే హక్కు ఉంది. అంటే ఫీజు తీసుకోవడంలో దాచాల్సిందేమీ లేదు, ఇన్‌వాయిస్ అడగండి. అలాగే ఆ గడువు చూస్తే అర్థమవుతుంది, ఇల్లు అద్దెకి తీసుకోవడం నుంచి పిల్లల బడి దాకా ఆవిడ ఏదీ ఆ గడువుకి మించి ఊహించుకోలేరు. చివరి నిమిషంలో క్లాసు రద్దు చేస్తే కొంత ఫీజైనా ఇస్తామని రాసివ్వండి.

డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. పోలండ్ ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) పీఎల్‌తో మొదలై 28 అక్షరాలూ అంకెలూ ఉంటుంది, ఒక్కటి తప్పినా వెనక్కొస్తుంది, దానికీ చార్జీ పడుతుంది. ఖాతా యూరోదా, పోలండ్ కరెన్సీ జ్లోటీదా కనుక్కోండి, వేరే కరెన్సీలో పంపితే మార్పిడిలో ఆవిడ నష్టపోతారు. చార్జీల దగ్గర "అవర్" ఆప్షన్ పెట్టండి, అంటే ఖర్చంతా పంపేవాళ్లదే. మామూలుగా పెట్టే "షేర్డ్"లో మధ్య బ్యాంకులు కోసుకున్నాక ఒప్పుకున్నదానికన్నా తక్కువ చేరుతుంది. బ్యాంకువాళ్లు ఏ2 ఫారం (విదేశాలకి డబ్బు పంపే దరఖాస్తు), ఇన్‌వాయిస్ అడుగుతారు. విరాళం అని రాయకండి, ఇది సర్వీసు ఫీజు. పన్ను కోత సంగతి సీఏని అడిగి వారం ముందే మొదలుపెట్టండి.

టైము: మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు. మన సాయంత్రం 5 అంతకు ముందు అక్కడ మధ్యాహ్నం 12:30, ఆ ఆదివారం నుంచి 1:30. ఈస్టర్ వర్క్‌షాపులు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆహ్వానంలో రెండు ఊళ్ల టైమూ రాయండి. పొద్దున పెట్టకండి, మన 10 గంటలకి అక్కడ తెల్లవారుజాము.

పోస్టర్: "ఉక్రెయిన్ పిసంకా" అని స్పష్టంగా. "రష్యన్ ఈస్టర్ ఎగ్" అనే మాట, మత్ర్యోష్కా బొమ్మలు (ఒకదాంట్లో ఒకటి ఇమిడే రష్యా చెక్కబొమ్మలు) ఎక్కడా రాకూడదు. ఇది పట్టింపు కాదు. 2022లో లండన్ నేషనల్ గ్యాలరీ ఫ్రెంచి చిత్రకారుడు డెగా బొమ్మ ఒకదానికి అంతకాలం ఉన్న రష్యన్ డాన్సర్లు అన్న పేరు తీసేసి ఉక్రెయిన్ డాన్సర్లు అని మార్చింది. పేరు పోతే కళ ఎవరిదన్నది కూడా పోతుంది, చెరియాల పటాన్ని ఇంకో రాష్ట్రం పేరుతో అమ్మితే ఆ పటాలు రాసే నకాషీలకి ఎలా ఉంటుందో అలాగే. ఊళ్ల పేర్లు కూడా ఉక్రెయిన్ ఉచ్చారణలో: కీవ్, ల్వీవ్, ఒదెసా. ఆవిడ పేరు పెద్ద అక్షరాల్లో, "పిసంకా కళాకారిణి" అని. "శరణార్థి" అన్న మాట పెట్టాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, అడగండి. ఉంటున్న ఊరు, పిల్లల ఫొటోలు పోస్టర్‌లో వద్దు.

రికార్డింగ్: అనుమతి లేకుండా చెయ్యొద్దు. ఆ వీడియో యూట్యూబ్‌లో పడితే ఆవిడ తర్వాతి క్లాసుకి డబ్బు కట్టేవాళ్లుండరు. 20 మందికి నెల రోజులు మాత్రం చూపిస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆవిడవైపు కెమెరాలు రెండుండాలి, ఒకటి ముఖానికి, ఒకటి పైనుంచి చేతులకి. మీవైపు కూడా ఒక ఫోను బల్లల మధ్య తిప్పుతూ అందరి గుడ్లూ చూపిస్తేనే ఆవిడ తప్పులు దిద్దగలరు.

సైనిక్‌పురి_చేతిపని:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్సండి. షిమ్ రేకు కోసం రేపే రాణిగంజ్ వెళ్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. పేర్లిచ్చినవాళ్లలో కొందరు మన ముగ్గులే గుడ్డు మీద వేస్తామంటున్నారు, సరేననాలా? చివర్లో యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పమని ఆవిడని అడగొచ్చా?

బొమ్మ_రాయడం:

రెండోదానికి ముందు: అడగొద్దండి. చెప్పాలనిపిస్తే ఆవిడే చెప్తారు. క్లాసుకి పిలిచింది గీతల కోసం. పేర్లిచ్చినవాళ్లకీ ముందే చెప్పండి, "మీ ఇల్లేమైంది" లాంటి ప్రశ్నలు వద్దని. అడగదగ్గవి బోలెడున్నాయి: మీ ఊరి గీతకీ పక్క ఊరి గీతకీ తేడా ఏమిటి, పోలండ్‌లో రంగులెక్కడ కొంటారు, అక్కడ మీ దగ్గర నేర్చుకునే పిల్లలు ఎంతమంది. 2022లో మన మెడికల్ విద్యార్థులు ఆ దేశం నుంచే పోలండ్, రొమేనియా సరిహద్దులు దాటి వచ్చారు కదా, అలాంటి విద్యార్థి ఎవరైనా మీ 20 మందిలో ఉంటే ఉక్రెయిన్ భాషలో ఆవిడని పలకరించమనండి. "దోబ్రీ దెన్" అంటే శుభదినం, "ద్యాకుయు" అంటే కృతజ్ఞతలు.

ముగ్గుల సంగతి. మొదటి గుడ్డు ఆవిడ నేర్పింది నేర్పినట్టే చెయ్యాలి. మనిషికి మూడేసి గుడ్లున్నాయి కనుక రెండోదాని మీద ముగ్గు వేసుకోవచ్చు. దాన్ని పిసంకా అనకుండా, పిసంకా పద్ధతిలో వేసిన ముగ్గు అనండి. ఎందుకంటే అక్కడ ప్రతి గీతకీ ఒక పేరుంది, దాన్ని మార్చినకొద్దీ అర్థం జారిపోతుంది. ఎనిమిది కోణాల నక్షత్రం సూర్యుడు. గోధుమ కంకి పంట. గుడ్డు నడుము చుట్టూ తెగకుండా మెలికలు తిరిగే గీతని బెజ్‌కొనెచ్‌నిక్ అంటారు, అంతులేనిది అని. మన మెలికల ముగ్గు తెలిసిన చెయ్యి దాన్ని వెంటనే పట్టేస్తుంది. కానీ ముగ్గు చుక్కల నుంచి మొదలవుతుంది, పిసంకా విభజన నుంచి మొదలవుతుంది: గుడ్డుని ముందు నిలువుగా రెండు, తర్వాత నాలుగు, అడ్డంగా నడుము గీత, అలా ఎనిమిది భాగాలు. ఈ గీతలు వంకరపోతే పైన ఎంత అందంగా గీసినా కుదరదు. కొత్తవాళ్లకి పెన్సిల్‌తో లేతగా గీసుకోనివ్వండి, రబ్బరుతో మాత్రం చెరపొద్దు, పెంకు మీద రంగు పట్టకుండా పోతుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు గుడ్డుకి చుట్టి దాని అంచు వెంట పెన్సిల్ నడిపితే నడుము గీత తిన్నగా వస్తుంది.

ఉక్రెయిన్ భాషలో పిసాతి అంటే రాయడం, పిసంకా ఆ మాటలోంచే వచ్చింది. వాళ్లు గుడ్డుని రాస్తారు, రంగులు వెయ్యరు. మన పాత తెలుగులోనూ బొమ్మ రాయడమనే అనేవారు, చిత్తరువు వ్రాయడమని కావ్యాల్లో ఉన్నదదే. క్లాసులో తెలుగులోకి చెప్పేవాళ్లుంటే "గుడ్డు మీద పెయింటింగ్" అని కాకుండా "గుడ్డు రాద్దాం" అనమనండి.

ఆవిడ చేసే పని ఎంత బరువైనదో మీవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇది చాలు: సోవియట్ కాలంలో చర్చి పండుగతో ముడిపడిందని పిసంకాని అణిచారు. అప్పుడు అది ఎక్కువగా నిలబడింది కెనడా, అమెరికా వెళ్లిపోయినవాళ్ల వంటిళ్లలో. కెనడాలోని వెగ్రెవిల్‌లో 1975లో పార్కులో నిలబెట్టిన పెద్ద లోహపు పిసంకా ఆ వలసవాళ్ల గుర్తే. స్వతంత్రం వచ్చాక 2000లో కొలొమియాలో గుడ్డు ఆకారంలోనే మ్యూజియం కట్టారు. 2024 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో పిసంకాని చేర్చినప్పుడు ఉక్రెయిన్‌తోపాటు ఎస్టోనియా పేరు కూడా ఉంది, అక్కడ స్థిరపడ్డ ఉక్రెయిన్‌వాళ్లు దాన్ని కాపాడుతున్నందుకు. మీ సైనిక్‌పురి బల్ల మీద ఆవిడ తెరిచే జూమ్ కూడా ఆ వరసలోదే.

హుత్సుల్ కొండవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఎక్కడో ఒక దుష్టసర్పాన్ని గొలుసులతో కట్టేశారట. ఏటా ఎన్ని పిసంకాలు రాశారో దాని మనుషులు వచ్చి లెక్కపెడతారట, తక్కువైతే గొలుసులు వదులవుతాయట, ఎక్కువైతే బిగుసుకుంటాయట. క్లాసు అయిపోయాక మీరు రాసిన గుడ్లన్నీ ఒక ట్రేలో పేర్చి, ఎన్నో లెక్కపెట్టి, ఆ సంఖ్య ఆవిడకి పంపండి.